నాలాకు హద్దు రాళ్లు వేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది

నిన్న మా కాలనీ వెనక నాలాకు, అదే వాన నీళ్లు పోయే కాలువకు, హద్దు రాళ్లు పాతారు. సంతోషం సంతోషమే కానీ కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మాది కూకట్‌పల్లి నాలాలో కలిసే చిన్న పాయ. ఆ నీళ్లన్నీ చివరికి చేరేది హుస్సేన్‌సాగర్‌కే. 2020 అక్టోబరు వానలకు కింది వీధి ఇళ్లు మునిగాక, దీన్ని బాగుచేసుకోవాలని కాలనీ అంతా పట్టుబట్టాం. ఆదివారాలు పిల్లాపెద్దా దిగి చెత్త తీశాం, గట్టున వట్టివేరు నాటాం. ఆ పనులు తేలిగ్గానే అయిపోయాయి.

హద్దుల కోసం ఆఫీసుకు వెళ్తేనే అసలు నరకం మొదలైంది. అక్కడి అధికారి మా అర్జీ చదవనైనా చదవలేదు, దాని మీదే టీ గ్లాసు పెట్టారు. సంతకాల మీద గుండ్రంగా మరక పడింది. "అక్కడ నాలా ఎక్కడుందమ్మా? రిటైరయ్యారుగా, హాయిగా మనవళ్లను ఆడించుకోండి" అన్నారు, గది నిండా జనం ఉండగా. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఏళ్ల తరబడి పిల్లలకు మ్యాపులు చదవడం నేర్పినదాన్ని నేను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకో ఆఫీసుకు వెళ్తే మళ్లీ ఆయన దగ్గరికే పొమ్మన్నారు.

చివరికి 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద పాత గ్రామ పటం నకలు అడిగాను. సర్వే నంబర్ల మధ్య నుంచి నాలా వంకర్లు తిరుగుతూ స్పష్టంగా ఉంది. అది ముందు పెట్టాక ఎవరూ కాదనలేకపోయారు. సర్వేయరు వచ్చి కొలిస్తే ఓ ప్రహరీ గోడ నాలాలోకే వచ్చి ఉంది. భవన నిర్మాణ నిబంధనల మీద వచ్చిన 2012 నాటి 168 జీవో ప్రకారం వెడల్పు 10 మీటర్ల లోపున్న నాలాకు అంచు నుంచి 2 మీటర్లు, అంతకు మించితే 9 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. ఇది నోటికి వచ్చి ఉండాలి, లేకపోతే మనల్ని మాటల్లో పెట్టి పంపేస్తారు. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ స్టాంపు వేయించుకోండి. "చూస్తాం" అన్న మాట నమ్మి ఇంటికి రావద్దు.

ఇంకొకటి. నాలాను కాంక్రీటు పెట్టెలో మూసేస్తామంటే ఒప్పుకోకండి. అడుగున మట్టి ఉంటేనే నీళ్లు ఇంకుతాయి, మూత లేకపోతేనే పూడిక తీయగలం.

ఇక మిగిలింది నాలాలోకి తెరిచిన డ్రైనేజీ పైపులు. వాటిని ట్రంక్ లైనుకు, అంటే పెద్ద మురుగు పైపుకు, కలపకపోతే ఎంత చెత్త తీసినా కంపు పోదు. సోమవారం ప్రజావాణిలో, అంటే అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో, అర్జీ ఇస్తున్నాం. అవతలి గట్టు కాలనీవాళ్లు కూడా రావాలి, సగం పైపులు అటు నుంచే వస్తున్నాయి.