మార్కెట్ కమిటీ మీద రిట్ వేసినా, ఒక్క ముద్ర కోసం చచ్చినా (నా అనుభవం)

నిన్ననే నా రిట్ (అధికారులు చేసింది తప్పని హైకోర్టులో వేసే పిటిషన్) ఆర్డర్ కాపీ చేతికొచ్చింది, ఆ కోపంలోనే రాస్తా ఉండా. మాది చిత్తూరు పక్క పల్లె, సొంత చెరకు, సొంత గానుగ. సంక్రాంతి ముందర ముప్పై మూటల బెల్లం టెంపోలో వేసుకొని వేలూరికి పోతా ఉంటే మార్కెట్ కమిటీ చెక్‌పోస్టులో ఆపి మార్కెట్ ఫీజు, పైన పెనాల్టీ అని చీటీ రాసినారు. ఇంకా అమ్మలేదు సార్, ఆడ రేటు చూసి అమ్ముతా అంటే 'మా కమిటీ ఏరియా దాటితే అమ్మినట్టే లెక్క' అన్నారు. టెంపో బాడుగ ఎక్కతా ఉంటే ఇంకేం చేస్తా, కట్టి పోయినా.

తిరుపతిలో లాయరు దగ్గరికి పోయి అసలు ఫీజే చెల్లదని వేద్దాం సార్ అన్నా. ఆయన నవ్వినాడు. ఈ ఫీజు 1966 మార్కెట్ల చట్టంలోది, నూటికి అర్ధరూపాయి ఫీజు రూపాయి చేస్తే సుప్రీంకోర్టు దాకా పోయి శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో వ్యాపారులు 1983లోనే ఓడిపోయినారు, ఆ దావ వద్దన్నాడు. మామూలుగా ఫీజు కట్టాల్సింది కొన్నోడు, సరుకు దాటితే అమ్మినట్టు అనుకుంటారు గానీ కాదని రుజువు చేసుకునే హక్కు నీకుండాది, నీ మాట వినకుండా పెనాల్టీ వేసినారు కదా, దాన్నే పట్టుకుందాం అన్నాడు. ముందు కమిటీకి అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోని రా, లేకుంటే జడ్జి మొదట అడిగేది వాళ్లనడిగినావా అనే.

ఆ ముద్రకి ఐదుసార్లు తిరిగినా సామీ. ఒకరోజు సెక్రటరీ లేరు, ఇంకోరోజు చేతిరాత పనికిరాదు టైపు చేయించుకోని రా, తెస్తే 'ఇది తీసుకుంటే నా మీదకొస్తాది'. అర్జీలు తీసుకునే ఇన్‌వార్డ్ కిటికీలో మా వాడి వయసు పిల్లోడు, 'ఏం పెద్దాయన, లాయరు ఎక్కించి పంపినాడా' అన్నాడు, క్యూలో అందరూ నవ్వినారు. నా బెల్లం కొనే వ్యాపారి లోపల కుర్చీలో టీ తాగతా ఉండాడు, ఆయన కూడా నవ్వినాడు. ఇంకు ప్యాడ్ తెరిచే ఉండాది, ముద్ర నా చేతికి జానెడు దూరం. ముప్పై ఏండ్లుగా ఆ యార్డుకి బెల్లం తోలినోన్ని, తల వంచుకోని వచ్చేసినా.

కడాకు పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపినా. వారంలో కార్డు వెనక్కొచ్చింది, దాని మీద అదే ముద్ర!

వకాలత్ (లాయరుకిచ్చే అధికార పత్రం), అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఒక్కపూట పని. తిరుపతిలో రైలెక్కి విజయవాడలో దిగి నేలపాడులో హైకోర్టుకి పోతే మా కేసు నడిచింది మూడు నిమిషాలు. పెనాల్టీ కొట్టేసినారు, ఫీజు సంగతి నా మాట విని నాలుగు వారాల్లో తేల్చమన్నారు. ఫీజు కట్టాల్నా వద్దా అనేది జడ్జి చెప్పలేదు. రిట్‌లో లెక్కలు చూడరంట, అధికారం సరిగ్గా వాడినారా లేదా అనేదే చూస్తారంట.

మీకూ ఇట్లా అయితే అడంగల్ (పొలంలో ఏ పంట ఉండాదో చెప్పే రెవెన్యూ కాగితం), బాడుగ చీటీ పారేయొద్దు, కట్టేటప్పుడు రసీదు మీద 'అభ్యంతరంతో కట్టినాను' అని రాయండి. యార్డులో లీడర్లని మాత్రం నమ్మబాకండి, నాకు రెండు నెలలు వాళ్లతోనే పోయింది.

రేపు ఆర్డర్ కాపీ ఇయ్యాల్సింది మళ్లీ ఆ కిటికీలోనే. కవరు, కార్డు జేబులో పెట్టుకోనే పోతా.