పిట్స్ ఎస్-1సీ కట్టుబడి: ఫ్రేమ్ అయింది, పై రెక్క బల్ల మీద ఉంది

పిట్స్ ఎస్-1సీ అంటే ఇంట్లో కట్టుకునే, పైనా కిందా రెక్కలుండే ఒంటి సీటు ఏరోబాటిక్ (గాలిలో పల్టీలు కొట్టే) విమానం. దాని ఇప్పటి లెక్క ఇది. ఫ్యూజ్‌లాజ్ (విమానం ఒడలు) వెల్డింగ్ పూర్తి. రిబ్బులన్నీ (రెక్కకు ఆకారమిచ్చే చెక్క పక్కటెముకలు) సిద్ధం. కింది రెక్కలు రెండూ గుడ్డ లేకుండా గోడకు ఆనించి ఉన్నాయి. పై రెక్క బల్లకెక్కింది.

దీన్ని రూపొందించిన కర్టిస్ పిట్స్ ఈ వరుసలో కట్టిన మొదటి విమానం 1944లో ఎగిరింది. రెండోదే ‘లిటిల్ స్టింకర్’. పైలట్ బెట్టీ స్కెల్టన్ 1949, 1950ల్లో అమెరికా మహిళల ఏరోబాటిక్ పోటీలు గెలిచింది దాని మీదే. రెక్కల కొస నుంచి కొసకు 16 అడుగుల 10 అంగుళాలు, అంతే. వాషింగ్టన్ పక్కన డల్లెస్‌లో (మనవాళ్ల డల్లాస్ కాదు) స్మిత్సోనియన్ వారి ఉద్వార్-హాజీ మ్యూజియంలో తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. ఇంట్లో కట్టుకునేవాళ్లకు ప్లాన్లు 1960ల్లో అందాయి. ఆ ఎస్-1సీ రెక్క అడుగు దాదాపు చదును, ఏలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే కదిలే పలకలు) కింది రెక్కకే. తర్వాత వచ్చిన ఎస్-1ఎస్‌లో రెక్క పైనా కిందా ఒకే వంపు, ఏలరాన్లు నాలుగు. మన దేశంలో పిట్స్ పేరు వినపడింది 1980 జూన్ 23న, సంజయ్ గాంధీ ప్రమాదంతో. అది రెండు సీట్ల ఎస్-2ఏ. ఇది దాని ఒంటి సీటు అన్న.

ఫ్రేమ్

4130 క్రోమోలీ (ఉక్కు మిశ్రమం) ట్యూబు, చాలాచోట్ల గోడ మందం 0.035 అంగుళాలు. టిగ్ వెల్డింగ్, ఈఆర్70ఎస్-2 తీగ. ట్యూబు కొసను రెండో ట్యూబు గుండ్రానికి అతికేలా అరగదీయడమే అసలు పని. సందు మిగిలితే తీగతో పూడ్చాలనిపిస్తుంది. పూడిస్తే అక్కడ వేడి ఎక్కువవుతుంది, చల్లారేటప్పుడు ట్యూబు అటువైపు లాగుతుంది. అందుకే ముందు అంతా టాక్‌లతో (చిన్న చుక్క వెల్డులతో) నిలబెట్టి, తర్వాత ఎడమ ముందు ఒకటి, కుడి వెనక ఒకటి అన్నట్టు చోటు మారుస్తూ కీళ్లు పూర్తి చేయాలి. ఫ్యాను ఆపాలి, తలుపు మూయాలి. గాలి తగిలితే వెల్డును కాపాడే ఆర్గాన్ వాయువు చెదిరి వెల్డులో బుడగలు పడతాయి, వేడి కీలు గబుక్కున చల్లారి పగులుతుంది. తడిగుడ్డ దగ్గరకు రానీయొద్దు.

రిబ్బులు

రెక్క కోత ఆకారం ఎం-6. మాక్స్ మంక్ గీసిన వరుసలోది, వెనక కొస కాస్త పైకి తిరిగి ఉంటుంది. ముక్కును కిందికో పైకో తోసే గుణం దానికి దాదాపు లేదు. అయితే ఆ వెనక తిరుగుడు జిగ్‌లో (రిబ్బు కట్టే అచ్చులో) కొంచెం తప్పినా అన్ని రిబ్బుల్లోనూ అదే తప్పు వస్తుంది. కాబట్టి మొదటి రిబ్బును ప్లాన్ మీద పెట్టి సరిచూశాకే రెండోది.

జిగురు టీ-88 ఎపాక్సీ. పరిమాణంతో అయితే సమపాళ్లు, తూకంతో అయితే 100కి 83. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే జిగురు ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. జిగ్ మీద మైనం కాగితం పరచకపోతే రిబ్బు జిగ్‌తో సహా లేస్తుంది. ప్రతి కలుపులోంచీ రెండు చెత్త ముక్కలు అతికించి, తేదీ రాసి, మర్నాడు సుత్తితో విరగ్గొట్టాలి. చెక్క చీలితే మంచిది. జిగురు గీత వెంట శుభ్రంగా ఊడితే ఆ రోజు కట్టిన రిబ్బులన్నీ పొయ్యిలోకే.

అతికే ముఖాన్ని ఉప్పు కాగితంతో రుద్దొద్దు, చిత్రిక పట్టాలి. రుద్దితే పొడి చెక్క రంధ్రాల్లో కూరుకుంటుంది. ఒక నీటి చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది: ఇంకితే సరే, పూసలా నిలిస్తే మళ్లీ చిత్రిక. క్లాంపు గట్టిగా బిగించడం ఇంకో తప్పు. టీ-88కి ముక్కలు కదలకుండా ఉంటే చాలు, బలంగా నొక్కితే జిగురంతా బయటికొచ్చి కీలు ఎండిపోతుంది.

పై రెక్క

చేయి నిదానించాల్సింది ఇక్కడే. పై రెక్క ఏకముక్క, వెనక్కి సుమారు 6⅔ డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల బరువు కేంద్రం సరైన చోట కూర్చుంటుంది, పైలట్ ఎక్కడానికి చోటూ దొరుకుతుంది. కట్టేవాడికి మాత్రం తలనొప్పి. కుడి ఎడమ స్పార్లు (రెక్క పొడవునా సాగే చెక్క దూలాలు) నడిమిలో కోణంగా కలవాలి. అక్కడ అర డిగ్రీ తప్పితే కొస దగ్గర దాదాపు ఒక అంగుళం తేడా.

స్పార్‌కు సిట్కా స్ప్రూస్. నార వాలు 15 అంగుళాలకు ఒక అంగుళం మించకూడదు, అంగుళానికి కనీసం 6 వలయాలుండాలి, తేమ 8 నుంచి 12 శాతం. పలక రాగానే కోయకుండా షెడ్డులోనే కొన్ని వారాలు అడ్డకర్రల మీద పడుకోబెట్టాలి. అప్పుడు మెలి తిరిగితే ఒక పలకతో పోతుంది, రిబ్బులెక్కాక తిరిగితే రెక్కే పోతుంది.

ఫిటింగుల (స్పార్‌కు తగిలించే లోహపు పట్టీల) బోల్టు రంధ్రాలు డ్రిల్ ప్రెస్ మీదే వేయాలి. ముందు చిన్న సైజు, తర్వాత రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే రీమర్. రంధ్రం లోపలికి కూడా వార్నిష్ పోవాలి, తేమ ముందు చొరబడేది అక్కడే. వెడల్పు వాషర్ లేకుండా నట్టు బిగిస్తే స్ప్రూస్ నలుగుతుంది. నలిగినది కనపడకుండా వాషర్ కిందే దాక్కుంటుంది.

లోపలి డ్రాగ్ వైర్ల (స్పార్ల మధ్య ఒక్కో గదిలో మూల నుంచి మూలకు బిగించే తీగల) దగ్గర చాలామంది పొరబడతారు. వాలు లేని కింది రెక్కలో ఒక్కో గదిలో రెండు కర్ణాలూ సమానం కావాలి. అదే సూత్రం పై రెక్కకు పట్టిస్తే వాలును మనమే లాగేసినట్టు. ఇక్కడ ఎడమ గది కర్ణాన్ని కుడివైపు దాని జోడు గది కర్ణంతో పోల్చాలి. ఇద్దరు వేర్వేరుగా టేపుతో కొలవకుండా ఒకే ట్రామెల్ కర్ర (ఒకే దూరాన్ని పట్టి ఉంచే రెండు మొనల కర్ర) వాడితే సగం గొడవ ఉండదు.

రిగ్గింగ్‌లో (బయటి వైర్లతో రెక్కలు సర్దేటప్పుడు) ఈ తప్పును సరిచేయొచ్చన్న ఆశ వద్దు. బయటి వైర్లకు ఒక కొస కుడి మర, ఇంకో కొస ఎడమ మర. తిప్పితే పొడవు మారుతుంది, దాంతో రెక్క ఎత్తు, కోణం కొంత సర్దుకుంటాయి. రెక్క లోపలి మెలి మాత్రం పోదు. పై రెక్క ముందుంటుంది, స్టాల్ అయ్యేదీ (గాలిలో ఎత్తే బలం కోల్పోయేదీ) ముందు అదే కావాలి. అప్పుడే ముక్కు దిగి విమానం తేరుకుంటుంది. రెండు కొసల కోణాలు వేరైతే ఒక పక్క ముందు పడిపోతుంది.

ఇక మిగిలింది లీడింగ్ ఎడ్జ్ (రెక్క ముందంచు) రేకు, కొస వంపులు, వార్నిష్ రెండో పూత. గుడ్డ కప్పకముందే ప్రతి కీలునూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. ఎక్కువ భాగం సొంత చేతులతో కట్టినట్టు ఎఫ్‌ఏఏకి (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థకు) చూపించడానికి అవే ఆధారం, ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టేవాళ్ల సంఘం) టెక్నికల్ కౌన్సెలర్ చూడాల్సిందీ రెక్క తెరిచి ఉండగానే. గుడ్డకు ఇస్త్రీపెట్టె 250 డిగ్రీల ఫారన్‌హీట్‌తో మొదలుపెట్టి 350 దగ్గర ఆపాలి. పెట్టె మీది అంకెను నమ్మకుండా థర్మామీటర్‌తో సరిచూసుకునే పని ఇంకా చేయాలి.