మోలిసన్ దంపతుల విమానాలు: బ్లాక్ మ్యాజిక్‌కి నలుపు పడింది

బంగారు అక్షరాలు, ప్రొపెల్లర్లు ఇంకా మిగిలే ఉన్నాయి గానీ, నేను చెక్కుతున్న ఈ బొమ్మ విమానం గుమ్మంలోంచి చూసినా బ్లాక్ మ్యాజిక్ అని గుర్తుపట్టేలా తయారైంది. 1930ల నాటి బ్రిటిష్ పైలట్ దంపతులు అమీ జాన్సన్, జిమ్ మోలిసన్ నడిపిన పేరున్న విమానాలన్నీ ఒకే కొలతలో, అసలుకి నలభై ఎనిమిదో వంతు సైజులో, చెక్కతో చేస్తున్న వరసలో ఇది అయిదోది.

ముందు చేసినవాటిలో 1930లో అమీ ఒంటరిగా ఇంగ్లండ్‌లోని క్రాయిడన్ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్ దాకా నడిపిన ఆకుపచ్చ జిప్సీ మాత్ 'జేసన్' ఒకటి. ఆ తర్వాతివి పస్ మాత్ రకం విమానాలు రెండు. ఈ రెండింటినీ ఒకే అట్టముక్క నమూనాతో కోశాను, పక్కపక్కనే పెట్టాను. 1932 జులైలో వీళ్ల పెళ్లయింది. ఆగస్టులో జిమ్ 'హార్ట్స్ కంటెంట్' మీద ఐర్లండ్‌లోని పోర్ట్‌మార్నాక్ ఇసుకతీరం నుంచి కెనడా చేరాడు. అట్లాంటిక్‌ని తూర్పు నుంచి పడమరకి ఒంటరిగా దాటిన మొదటివాడు అతనే. నవంబరులో అమీ 'డెజర్ట్ క్లౌడ్' మీద ఇంగ్లండ్ నుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ చేరింది. అంతకుముందు ఆ దారిలో రికార్డు జిమ్‌దే. దాన్ని ఆమె సుమారు పదిన్నర గంటల తేడాతో కొట్టేసింది. అదీ అదే రకం విమానంతో, పెళ్లయిన నాలుగు నెలలకే! వీళ్ల కథ చెప్పేవాళ్లలో కొందరు ఆమెని అతని వెనకాల నిలబెడతారు, మరికొందరు అతన్ని ఆమె పక్కన ఉత్త తాగుబోతు మొగుడిగా చూపిస్తారు. రెండూ అన్యాయమే. ఇద్దరూ ఎవరి సత్తాతో వాళ్లు ఎగిరినవాళ్లు. నా షెల్ఫు ఆ సంగతి చెప్పాలని నా కోరిక.

నాలుగోది డ్రాగన్ రకం 'సీఫేరర్'. 1933లో ఇద్దరూ కలిసి వేల్స్‌లోని పెండైన్ నుంచి న్యూయార్క్‌కి బయల్దేరారు. అట్లాంటిక్ దాటారు గానీ, కొద్ది దూరంలో ఉందనగా కనెక్టికట్‌లోని బ్రిడ్జ్‌పోర్ట్ దగ్గర పెట్రోలు అయిపోయి కూలింది. ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. జనం జ్ఞాపకంగా దాచుకోవడానికి విమానాన్ని ముక్కలు ముక్కలుగా పట్టుకుపోయారు.

ఇప్పుడు అసలు పని. బ్లాక్ మ్యాజిక్ డి హావిలాండ్ వాళ్ల డీహెచ్ 88 కామెట్. 1934లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి జరిగిన విమాన పందెం కోసం మొదట మూడే చేశారు, అందులో నల్లది వీళ్లది. అసలు విమానమే చెక్కది కాబట్టి, బొమ్మ చెక్కతో చేయడంలో నాకు ప్రత్యేకమైన తృప్తి. రెక్కల వెడల్పు 44 అడుగులు, నా కొలతలో 28 సెంటీమీటర్లు. పొడవు 29 అడుగులు, అంటే 18.4 సెంటీమీటర్లు. ఒంటికి కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి వాడాను. తేలికగా ఉంటుంది, ఉలికి మెత్తగా తెగుతుంది. తడి పూర్తిగా పోయిన ముక్కే తీసుకోవాలి, లేకపోతే రంగు వేశాక బీటలిస్తుంది. రెక్కలకి మాత్రం బాల్సా అనే తేలిక చెక్క షీటు. రెక్క ఒంటితో కలిసేచోట ఒంపు చాలా సన్నగా జారాలి. అక్కడ కొండపల్లివాళ్ల మక్కే పెట్టాను: చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక ఆకురాయితో గీస్తే చెక్కలో చెక్కలా కలిసిపోయింది.

ముక్కు అంత పొడుగ్గా ఉండటానికి కారణం పెట్రోలు. పైలట్ల ముందు 128 గ్యాలన్ల ట్యాంకు ఒకటి, 110 గ్యాలన్లది మరొకటి. అందుకే కాక్‌పిట్ బాగా వెనక్కి పోయింది, ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, ముందుచూపు తక్కువ. ఈ సంగతి తెలిసి చెక్కితే కొలత దానంతటదే కుదురుతుంది. కాక్‌పిట్ ఏమాత్రం ముందుకొచ్చినా కామెట్ కామెట్‌లా ఉండదు.

నునుపు తేవడానికి చెక్క రంధ్రాలు పూడ్చే శాండింగ్ సీలర్‌లో కొద్దిగా టాల్కం పౌడర్ కలిపి పూశాను. ప్రతి పూతకీ మధ్య వాటర్ పేపర్. నలుపు మీద చిన్న గీత కూడా దాగదు కాబట్టి, రంగు ముందు కిటికీ పక్కన ఏటవాలు వెలుగులో తిప్పి తిప్పి చూసుకోవాలి. డ్యూకో నల్ల పెయింటు పలచగా కొట్టడమే మంచిది. చిక్కగా కొడితే ఇంజన్ డొప్పల అంచుల్లో పేరుకుంటుంది.

ప్రొపెల్లర్లు ఈ విమానంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఫ్రాన్సులోని 'రాతియే' అనే కంపెనీ తయారీ. పైకి లేచే ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టి ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని అమర్చేవారు. వేగం పెరిగాక ముందున్న చిన్న బిళ్ల గాలి ఒత్తిడికి నొక్కుకుని ఆ గాలిని వదిలేసేది, కోణం మారిపోయేది. మళ్లీ దిగేదాకా వెనక్కి మార్చే వీల్లేదు. ఆ బిళ్లని ఇత్తడి గుండుసూది తలతో చేస్తున్నాను.

1934 అక్టోబరు 20న ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ పందెంలో వీళ్లు ఆగకుండా బాగ్దాద్, అక్కణ్ణుంచి అప్పట్లో ఇండియాలో ఉన్న కరాచీ చేరి ఇంగ్లండ్–ఇండియా కొత్త రికార్డు పెట్టారు. తర్వాతే కష్టాలు. కరాచీలో చక్రాలు లోపలికి ముడుచుకోలేదు. రాత్రి దారి తప్పి జబల్‌పూర్‌లో దిగారు. అక్కడ విమానాల పెట్రోలు లేదు, దొరికింది బస్సు కంపెనీ పెట్రోలు. పందెం కోసం బిగించిన ఇంజన్‌కి అది సరిపోలేదు, పిస్టన్ పట్టేసింది, ఆయిల్ గొట్టం పగిలింది. ఒక్క ఇంజన్‌తో అలహాబాదు చేరారు. కొత్త ఇంజన్లు లేనిదే కదలలేని పరిస్థితి, పందెం అక్కడితో సరి. అమీకి గ్రౌండ్ ఇంజనీర్ లైసెన్సు ఉంది, బ్రిటన్‌లో ఆ లైసెన్సు అందుకున్న మొదటి మహిళ ఆమె. ఆ పెట్రోలు ఇంజన్‌ని ఏం చేస్తుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే బాధగా అనిపించేది అదే.

ఇక తోకమీద బంగారు రంగులో పందెం నంబరు 63, ఒంటిమీద బంగారు రంగులో రిజిస్ట్రేషన్ అక్షరాలు జీ-ఏసీఎస్‌పీ. అక్షరాలు అచ్చు కాగితం మీద కాకుండా రూలింగ్ పెన్నుతో చేత్తోనే రాస్తాను. ముందు పారేసిన ముక్క మీద బంగారు రంగు పలచన సరిచూసుకోవాలి. తర్వాతది 1936లో అమీ మళ్లీ కేప్‌టౌన్ రికార్డు తెచ్చుకున్న పెర్సివల్ గల్. దాని కోసం పొణికి ముక్క కోసి ఆరబెట్టాను.