ఆఫీసు ఫారంలో మూడో గడి

మా టీమ్‌లో నాకు బాగా దగ్గరైన ఒకరు నాన్ బైనరీ, అంటే మగా ఆడా అనే రెండు గళ్ళలో దేనిలోనూ ఇమడని మనిషి. ఆఫీసులో వాష్‌రూమ్‌కి ఎవరూ లేని టైమ్ చూసుకుని వెళ్తారు, పొద్దున్నుంచి నీళ్ళు తక్కువ తాగుతారు, ఇది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఇదేమీ కంపెనీ దయ చూపాల్సిన విషయం కాదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఎవరి జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు వాళ్ళదే అని చెప్పింది. తర్వాత 2019లో పార్లమెంట్ చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టంలో, ట్రాన్స్‌జెండర్ అంటే ఎవరో చెప్పే అప్పటి నిర్వచనంలో జెండర్‌క్వీర్ (మగా ఆడా అనే గళ్ళలో ఇమడనివాళ్ళు) అనే మాట కూడా రాశారు, 9వ సెక్షన్‌లో ఉద్యోగంలోకి తీసుకోవడంలో గానీ ప్రమోషన్‌లో గానీ వివక్ష చూపకూడదన్నారు, 11వ సెక్షన్‌లో ప్రతి సంస్థలో ఫిర్యాదులు చూసే ఆఫీసర్ ఉండాలన్నారు. ఆ చట్టం కింద వచ్చిన 2020 రూల్స్ అయితే యూనిసెక్స్ టాయిలెట్ల (ఏ జెండర్ వాళ్ళైనా వాడుకునేవి) దాకా వెళ్ళాయి, ఉద్యోగి జెండర్ వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఉంది.

మరి మీ ఆఫీసులో ఆ ఆఫీసర్ ఎవరో మీకు తెలుసా? మా దగ్గర చాలామందికి తెలీదు.

ఇంకో పెద్ద లోటు ఏంటంటే, లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే, కాబట్టి కంపెనీలే తమ పాలసీలో అందరినీ కలుపుకోవాలి, దానికి ఏ చట్టమూ అడ్డు చెప్పదు. హెచ్ఆర్ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పాలసీ తెరిచి చూడండి ప్లీజ్.