అనంతగిరి ఘాట్‌లో మూడు ప్లగ్గులు

అరకులో వలిసె పూలు విరగబూశాయని విని, నవంబరు చివర్లో ఒక తెల్లవారుజామున నాన్న, నేను విశాఖపట్నం నుంచి బయలుదేరాం. రైలుంది, బస్సులున్నాయి. అయినా నాన్న 1996లో కొన్న మారుతి 800లోనే వెళ్లాలని నా పట్టుదల. కంటి ఆపరేషన్ అయ్యాక ఆయన నడపడం మానేశారు. బండి ఆలనాపాలనా ఇప్పుడు నాదే.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట... అంతవరకూ బండి హాయిగా పరుగెత్తింది. ఘాట్ మొదలయ్యాక, రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు కుదిపింది. కాలు సడలిస్తే సర్దుకుంటోంది, తొక్కితే మళ్లీ అదే.

"మిస్సింగ్ కొడుతోందమ్మా. ఆ మలుపు దాటి పక్కకు ఆపు" అన్నారు నాన్న.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి బోనెట్ ఎత్తాం. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి, నిప్పురవ్వతో పెట్రోలు వెలిగించే స్పార్క్ ప్లగ్గులూ మూడే. ఇంజను నడుస్తుండగా రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో నాన్న ఒక్కో ప్లగ్గు వైరూ తీసి చూశారు. ఏది తీసినా ఇంజను చప్పుడు పడిపోతోంది, తిరిగి పెట్టగానే పుంజుకుంటోంది. అంటే మూడూ పనిచేస్తున్నట్టే. "నిలబడి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. బరువు పడితేనే తెలుస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు అక్కడే పూర్తిగా అర్థమైంది. ఎత్తెక్కేటప్పుడు సిలిండర్లోకి గాలీ పెట్రోలూ ఎక్కువగా చేరతాయి, పిస్టన్ నొక్కేసరికి ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన కొద్దీ నిప్పురవ్వ ప్లగ్గు మొనల మధ్య ఖాళీని దాటడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ప్లగ్గు అరిగి ఆ ఖాళీ పెద్దదైతే, వోల్టేజి పెంచే కాయిల్ ఇచ్చేది చాలదు. రవ్వ పడదు, పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. మూడింట్లో ఒక్కటి తప్పినా బండి అంతా అదిరిపోతుంది.

ఇంజను చల్లారే దాకా ప్లగ్గులు విప్పనివ్వలేదు నాన్న. ప్లగ్గులు బిగించే ఇంజను పైభాగం, అంటే హెడ్, అల్యూమినియంది; వేడిమీద బలవంతం చేస్తే మరలు చెడతాయి. గంటసేపు రోడ్డు పక్కన కూర్చున్నాం. పొగమంచు విడిపోతుంటే చెట్ల మీదికి పాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆ గంట నాకు వృథా అనిపించలేదు.

ప్లగ్గుల చుట్టూ ఉన్న దుమ్ము ముందుగా గుడ్డతో తుడిచాం, ఇసుక రేణువు సిలిండర్లో పడకుండా. మధ్య ప్లగ్గును అరచేతిలో పెట్టుకుని చూశాను. పింగాణీ మీద పల్చటి కాఫీ రంగు. మసి లేదు, నూనె తడి లేదు. ఇంజను ఆరోగ్యంగానే ఉంది. కానీ నడిమి లోహపు మొన అంచులు పోయి, వాడిన పెన్సిలు ముక్కులా గుండ్రంగా తేలింది. రవ్వ పదునైన అంచు నుంచే తేలిగ్గా దూకుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఒక్కో ప్లగ్గు 1500 సార్లు రవ్వ విసురుతుంది, ప్రతిసారీ కాస్త లోహం రాలుతుంది. సన్నటి ఖాళీలు కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజి పెడితే 1.1 మిల్లీమీటర్ల రేకు సునాయాసంగా దూరింది. ఉండాల్సింది 0.8 లోపే.

డ్యాష్‌బోర్డు అరలో గుడ్డ చుట్టిన మూడు కొత్త ప్లగ్గులున్నాయి. నాన్న ఏనాడో పెట్టినవి. గ్యాప్ సరిచూసి, చిన్న రబ్బరు గొట్టానికి తొడిగి వేళ్లతోనే తిప్పాను. మర అడ్డంగా పడితే గొట్టం జారిపోతుంది, హెడ్‌కు దెబ్బ తగలదు. చేతికి బిగిశాక స్పానర్‌తో అర చుట్టు. "చాలు" అన్నారు నాన్న.

అదే ఎత్తు, అదే రెండో గేరు. ఈసారి కుదుపు లేదు. అనంతగిరిలో కాఫీ తాగి, పదకొండింటికి లోయలోకి దిగాం. రోడ్డుకు రెండు వైపులా కొండ అంచుల దాకా పసుపుపచ్చని పూలు.

నాన్న పూలవైపు నడుచుకుంటూ వెళ్లారు. నేను అరలోంచి బండి డైరీ తీశాను. ప్లగ్గులు మార్చినట్టు చివరిసారి రాసింది ఆయన చేతిరాతే, 34 వేల కిలోమీటర్ల కింద. ఆ వరుస కిందే తేదీ, మీటరు అంకె నా చేతిరాతతో రాసి, పాత ప్లగ్గులు మూడింటినీ ఆ గుడ్డలోనే చుట్టి పెట్టాను.