సున్నం పెచ్చులో పచ్చని వెలుగు

శ్రీకాకుళం, గురువారం రాత్రి

పొద్దుట నుంచి ముసురు. ఇలాంటి రోజు ఎపాక్సీ (కలిపాక గట్టిపడే రెజిన్) కలిపితే తేమకు పైన జిడ్డు పొర కడుతుంది. గోడ పెచ్చును అందులో పెట్టి అచ్చు మొన్ననే పోసేశాం కాబట్టి ఇవాళ పనంతా దాన్ని అరగదీయడం, మైక్రోస్కోప్‌లో చూడడం.

కళింగపట్నం వైపు ఒక పాత పెంకుటింటి గోడ నుంచి దానంతటదే రాలిన పెచ్చు ఇది. గోరులో సగం కూడా ఉండదు. అడుగున ఇసుక, సున్నం కలిపిన గచ్చు. దాని మీద ఏటేటా వేసిన సున్నం పూతలు, నడుమ ఒక జేగురు గీత, పైన ఈమధ్య కొట్టిన ఎమల్షన్ రంగు. ఆ ఎమల్షనే పొక్కి ఊడిపోతోంది. ఎందుకన్నదే తేలాలి.

పెచ్చును రెండు చేసి ఒక ముక్కే రెజిన్‌లో పెట్టాను. రెండోది పొడిగా డబ్బీలో ఉండాల్సిందే, ఇందులో రాజీ లేదు. రెజిన్ తాగిన సున్నం తెల్లగా ఉండదు మరి. రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపు వెలుగు చెదిరి పొర తెల్లగా కనిపిస్తుంది. గాలి వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1. సున్నపు రేణువుది, ఎపాక్సీది రెండూ 1.5, 1.6 దరిదాపుల్లోనే. గాలి ఉన్న చోటికి రెజిన్ చేరగానే వెలుగు చెదరడం తగ్గి పొర బూడిద రంగుకు దిగిపోతుంది. వానకు తడిసిన గోడ ముదురుగా కనపడేదీ ఇందుకే. పొడి ముక్క పక్కన లేకపోతే ఆ బూడిద పొరను పొగమసి అని రాసేస్తాం.

రెజిన్ 100 మిల్లీలీటర్లకు అర గ్రాము ఫ్లోరసెంట్ రంగు (నీలి వెలుగు పడితే పచ్చగా వెలిగేది) కలిపాం. పెచ్చును అచ్చులో నిలబెట్టి, రెజిన్ పోసి, వాక్యూమ్ డబ్బాలో పది నిమిషాలు. బుడగలు ఆగాక గాలిని మెల్లగా వదలాలి. రెజిన్‌ను రంధ్రాల్లోకి నెట్టేది అప్పుడు లోపలికొచ్చే ఆ గాలి ఒత్తిడే. వాల్వ్ ఒక్కసారిగా తిప్పితే పెచ్చు ఒరిగిపోతుంది. 30 డిగ్రీలు ఒరిగిందంటే పొర మందం 15 శాతం ఎక్కువగా కొలుస్తాం. పంపు ఆపేముందు వాల్వ్ మూయడం మరిచిపోతే దాని నూనె డబ్బాలోకి తన్నుకొస్తుంది. కరెంటు మీద నమ్మకం లేని వానాకాలంలో చెయ్యి వాల్వ్ మీదే ఉండాలి.

అరగదీతలో నీళ్లు ముట్టుకోలేదు. ఈ గోడ సముద్రపు గాలి తిన్నది. పెచ్చులో ఉప్పుంటే చుక్క నీటికే కరిగి ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ రంధ్రాల లెక్కలోకి ఎక్కేస్తుంది. అందుకే నీళ్ల బదులు వైట్ స్పిరిట్ అనే ద్రావకం. నిన్న 320, 600 నంబరు గరుకు కాగితాలు అయ్యాక ముఖం మీద ఇంకో చుక్క రెజిన్ వేసి మళ్లీ వాక్యూమ్‌లో పెట్టాం. మొదటి పోత పెచ్చు నడుమ దాకా అందదు. ఇవాళ 1200, ఆ తర్వాత గుడ్డ మీద 3 మైక్రాన్ల, 1 మైక్రాన్ వజ్రపు ముద్ద. కాగితం మార్చినప్పుడల్లా పావు చుట్టు తిప్పి, పాత గీతలు పోయేదాకా. గుడ్డ మీద మాత్రం ఎక్కువసేపు ఉంచకూడదు. మెత్తటి సున్నం అరిగిపోయి ఇసుక రేణువు మెట్టలా మిగులుతుంది. దాని నీడ కూడా రంధ్రంలాగే కనిపిస్తుంది.

మామూలు వెలుగులో చూస్తే ఇసుక రేణువుల చుట్టూ నల్లటి గుంటలే గుంటలు. నీలి వెలుగు వేయగానే వాటిలో సగం పచ్చగా వెలిగాయి, మిగతావి నల్లగానే ఉన్నాయి. వెలిగినవి మేం అరగదీయక ముందు నుంచీ ఉన్న రంధ్రాలు. వెలగని వాటి అంచు చూడాలి: గుండ్రంగా నున్నగా ఉంటే రెజిన్ చేరని బుడగ, కోసుకుపోయినట్టుంటే మా రాపిడికి ఊడిన రేణువు జాడ. ఈ రెండోవాటిని లెక్కలోంచి తీసేయాలి.

ఎమల్షన్‌కూ సున్నానికీ మధ్య పచ్చటి చీలిక ఒకటి పొడుగునా పాకింది. అందులో చదరపు అంచుల స్ఫటికాలు. పొడి ముక్కలో అదే చోట సూదితో గీకి, ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య పెట్టి చూశాను. ఎటు తిప్పినా చీకటే. సున్నపు రేణువైతే మెరిసేది. ఇది ఉప్పే. గాలిలో తేమ 75 శాతం దాటితే కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకడుతుంది. ఒట్టి సున్నం గోడలో ఆ గడ్డ పైకి వచ్చి తెల్లటి పొడిగా రాలిపోయేది. ఎమల్షన్ ఆ దారి మూసేసింది, దాంతో గడ్డ దాని వెనకే కట్టి రంగును నెడుతోంది.

రంధ్రాల శాతం లెక్కకు పది చోట్ల ఫొటోలు తీశాను, అన్నిటికీ ఒకే ఎక్స్‌పోజరు. ఫొటోలు కొలిచే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెలిగితే రంధ్రమో చెప్పే హద్దు ఒక్కసారే పెట్టాలి, ఫొటోకోసారి జరిపితే అంకె మన ఇష్టానికి పెరుగుతుంది. ఎంత జాగ్రత్తపడినా 20 రెట్ల కటకం, దాని అపర్చర్ (వెలుగును ఎంత వెడల్పు కోణంలో పట్టుకుంటుందో చెప్పే అంకె) 0.4, అంటే 0.8 మైక్రాన్ కంటే సన్నని రంధ్రం విడిగా కనపడదు. గట్టిపడిన సున్నంలో చాలా రంధ్రాలు అంతకంటే సన్నవే. పొర అంతా అలముకున్న లేత పచ్చ మసక అవే. అందుకని పుస్తకంలో అంకె పక్కన ‘కనీసం’ అని రాశాను.

పొడి ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపాలి. అరగదీయకుండా, విరిచిన ముఖం పైకి ఉండేలా. సిలికా జెల్ పొట్లంతో డబ్బీ మూసి, ఎమల్షన్ ఏ వైపో మూత మీద బాణం గుర్తు వేశాను.