స్తుతి అంటే ఒప్పుకోవడమా?

మత్తయి సువార్త 11వ అధ్యాయం అంత సంతోషంగా సాగదు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను "రాబోవువాడవు నీవేనా?" అని శిష్యులతో అడిగిస్తాడు. ఎన్నో అద్భుతాలు చూసి కూడా కొరాజీను, బేత్సయిదా, కపెర్నహూము అనే పట్టణాలు మారలేదని యేసు గద్దిస్తాడు. ఆ వెంటనే 25వ వచనం "ఆ సమయమున" అని మొదలై, "తండ్రీ... నిన్ను స్తుతించుచున్నాను" అంటుంది. నేను ఎప్పుడు చదివినా ఇక్కడ ఆగిపోతాను. స్తుతించడానికి అదేం సమయం?

ఇక్కడ గ్రీకులో ఉన్న క్రియ ఎక్సొమొలొగెయో. స్తుతికి గ్రీకులో వేరే మాటలు లేక దీన్ని వాడలేదు. బేత్లెహేము నుంచి తిరిగి వెళ్తూ గొర్రెల కాపరులు చేసిన స్తుతికి ఐనెయో అనే మాట ఉంది. చెరసాలలో పౌలు, సీల పాడిన పాటకు హుమ్నెయో ఉంది. ఎక్సొమొలొగెయోలో మాత్రం "అదే" అనే అర్థమున్న హోమోస్, పలకడం, బయటికి అనే మూడూ కలిశాయి. అవతలివాళ్ల మాటే నా మాట అని పైకి చెప్పడం అన్నమాట. పదాన్ని ముక్కలు చేసి అర్థం లాగితే ఒక్కోసారి బోల్తా పడతాం, కాబట్టి వాడుకలో చూడాలి.

వాడుకలో చూస్తే ఇంకా ఆశ్చర్యం. యొర్దానులో బాప్తిస్మం పొందినవాళ్లు "తమ పాపములు ఒప్పుకొనుచు" అన్నచోట (మత్తయి 3:6) ఇదే క్రియ. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండి అని యాకోబు తన పత్రికలో రాసినచోట కూడా ఇదే. యెషయా 45:23ను పౌలు రెండుసార్లు తీసుకున్నాడు. రోమా 14:11లో తెలుగు బైబిలు "ప్రతి నాలుకయు దేవుని స్తుతించును" అంటే, ఫిలిప్పీ 2:11లో "ఒప్పుకొనునట్లు" అంటుంది. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట.

మనకు స్తుతి అనగానే పొగడ్త గుర్తొస్తుంది. పొగడ్తకు మాటల నేర్పు ఉంటే చాలు, నిజంతో పని లేదు. ఒప్పుకోవడానికి నిజం కావాలి, పైగా మన పట్టుదల కాస్త వదులుకోవాలి. అసలు తెలుగులో ఒప్పు అంటేనే సరైనది. 26వ వచనంలో యేసు "అవును తండ్రీ" అంటాడు. ఆ "అవును"లోనే 25వ వచనంలోని స్తుతి అంతా ఉందని నాకనిపిస్తుంది. పట్టణాలు తిరస్కరించాయి, జ్ఞానులకు మరుగైన సంగతులు పసిబాలురు గ్రహించారు. తండ్రి చేసిన ఆ ఏర్పాటుకు కొడుకు నోరారా సరే అంటున్నాడు.

ఈ మాట వెనక పాత నిబంధనలో, స్తుతించడానికీ ఒప్పుకోవడానికీ వాడే యాదా అనే హీబ్రూ క్రియ ఉంది. ఆదికాండములోని యాకోబు భార్య లేయాకు మొదటి ముగ్గురు కొడుకులు పుట్టినప్పుడు ఆమె పెట్టిన పేర్లన్నీ భర్త ప్రేమ దొరకని బాధలోంచి వచ్చినవే. నాలుగోవాడు పుట్టాక "ఈసారి యెహోవాను స్తుతించెదను" అని యూదా అని పేరు పెట్టింది. ఇంట్లో పరిస్థితేమీ మారలేదు, యాకోబు మనసు అప్పటికీ తన ఇంకో భార్య రాహేలు మీదే. ఆ పేరు యాదా అనే క్రియను గుర్తుచేస్తుంది. ఆదికాండము 29:35ను గ్రీకులోకి తెచ్చినవాళ్లు లేయా నోట పెట్టిన మాట ఎక్సొమొలొగెయోయే.

లూకా 22:6లోనూ ఇదే క్రియ ఉంది, రూపం కాస్త వేరు, అంతే. అక్కడ స్తుతి లేదు, పాపపు ఒప్పుకోలూ లేదు. ప్రధానయాజకులు డబ్బు ఇస్తామన్నారు, "వాడు అందుకు ఒప్పుకొని" యేసును అప్పగించడానికి తగిన సమయం కోసం వెదికాడు. వాడి పేరు కూడా యూదాయే.